రెండో గొంతు

"నాలుగింటి బులెటిన్‌లో డ్యామ్ తెగిందని చదివిస్తారు," అన్నాడు చీఫ్. "ఊరంతా పాత వంతెన మీద పడుతుంది. పోలీసులంతా అటు పరుగెత్తుతారు. ఇటు జైల్లో ఉన్న తమ నాయకుణ్ణి ముఠా ఎత్తుకుపోతుంది. దీని వెనక ఉన్నది పరాయి దేశపు బుర్ర, ప్లాన్ మాత్రం పక్కా."

ఏజెంట్ గడియారం చూసుకున్నాడు. ఆ వేళకి స్కూల్ బస్సు నడుపుతూ వంతెన మీద ఉండేది అతని అక్క. బస్సు నిండా పిల్లలు.

"జైలు దగ్గర మనవాళ్లున్నారుగా?"

"ఉన్నారు. తొక్కిసలాటని వాళ్లు ఆపలేరు. ఆ వార్త రాకూడదు, అంతే."

"టీవీ స్టేషన్ లోపల మనవాళ్లెవరు?"

"న్యూస్ రీడర్. మన మనిషే. వాళ్ల మనిషి కూడా. ఇవాళ ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి. కోడ్ వర్డ్ 'టచప్'."

మధ్యాహ్నానికి ఏజెంట్ మేకప్‌మ్యాన్ అయ్యాడు. నెరిసిన విగ్గు, మెడలో ఏప్రన్, పౌడర్ డబ్బా అడుగున మైక్. అద్దం ముందు కూర్చున్న న్యూస్ రీడర్ అందానికి అతను దిద్దాల్సిందేమీ లేదు.

"కొంచెం టచప్ చేయనా మేడమ్?"

ఆమె రెప్ప వేయలేదు. "ఎడిటర్ ఒప్పుకున్న వార్తని నేను ఆపితే ముఠాకి నా గుట్టు తెలిసిపోతుంది. ఇక ఇవాళే నా ఆఖరి రోజు అవుతుంది. ఆయన చేతే ఆపించు."

ఎడిటర్ మొండి ఘటం. వేర్వేరుగా ఇద్దరు చెబితేనే ఆయన వార్త నమ్ముతాడు. ఆ సంగతి ముఠాకి తెలుసు కాబట్టే రెండూ సిద్ధం చేసింది. ఒక జాలరి తీసిన వీడియోలో గోడ విరిగి నీళ్లు దూకుతున్నాయి. ఫోన్ లైన్లో డ్యామ్ ఇంజనీరు ఏడుపు గొంతుతో అదే చెబుతున్నాడు.

ఏజెంట్ విగ్గు తీసి కార్డు చూపించాడు.

"వార్త ఆపమని రోజూ ఎవరో ఒక కార్డు చూపిస్తూనే ఉంటారు," అన్నాడు ఎడిటర్. "అబద్ధమని రుజువు చూపించు."

"ఇంజనీరు నెంబరు మీకెవరిచ్చారు?"

"వీడియో పంపినవాడే."

అన్నాక గానీ ఆయనకి వెలగలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎంతమంది చెప్పారో లెక్కపెట్టాడు గానీ, ఆ ఇద్దర్నీ తెచ్చింది ఒక్కడేనా అని ఈరోజు అడగలేదు. హడావుడి ఆయన్ని మింగేసింది.

పాత టెలిఫోన్ డైరెక్టరీ వెతికి డ్యామ్ ఆఫీసుకి తనే డయల్ చేశాడు.

"ఇంజనీరునే మాట్లాడుతున్నా," అంది అవతలి గొంతు విసుగ్గా. "తెగడమేంటండీ? ఇప్పుడే గోడ మీద నడిచొచ్చాను. బొట్టు కూడా కారట్లేదు."

ఎడిటర్ టాక్‌బ్యాక్ బటన్ నొక్కి రీడర్ చెవిలోకి అరిచాడు. "ఆపు! ఆ వార్త చదవకు!"

స్టూడియోలో న్యూస్ రీడర్ తల తిప్పలేదు. వైరు ఎవరో కత్తిరించారు. ఎర్ర దీపం వెలిగింది. హెడ్‌లైన్స్ మొదలయ్యాయి.

ఏజెంట్ పరుగెత్తాడు. తలుపు దగ్గర చేతిలో కత్తెరతో అడ్డం వచ్చిన టెక్నీషియన్ ముఖాన పౌడర్ డబ్బా బోర్లించి, వాడు తుమ్ముతుండగానే లోపలికి దూకాడు.

"ఇప్పుడే అందిన వార్త," అందామె. "డ్యామ్..."

లక్షల మంది చూస్తుండగా ఒక మేకప్‌మ్యాన్ కెమెరా ముందుకొచ్చి ఆమె ముక్కుకి పఫ్ అద్దాడు.

"రెండూ ఒకడి పనే. డ్యామ్ క్షేమం. ఎడిటరే ఆపమన్నాడు, అసలు ఇంజనీరు లైన్లో ఉన్నాడు," అన్నాడు చెవిలో.

ఆమెకు భయం వేసింది. చదవకపోతే ముఠా వెంటాడుతుంది. ఎదురుగా ప్రాంప్టర్ తెర మీద చదవాల్సిన అక్షరాలు పాకుతున్నాయి. ఆమె కాగితాలు పక్కన పెట్టింది.

"డ్యామ్ తెగిందని మాకు ఒక వీడియో వచ్చింది. అది అబద్ధం. ఇళ్లలోనే ఉండండి. డ్యామ్ ఇంజనీరు మనతో మాట్లాడతారు."

జైలు గేటు దగ్గర దొంగ అంబులెన్సులో కూర్చుని ట్రాఫిక్ జామ్ కోసం ఎదురుచూస్తున్న ముఠా అలాగే దొరికిపోయింది. ఫోన్లో ఏడ్చిన నకిలీ ఇంజనీరు డ్రైవర్ సీట్లో ఉన్నాడు. న్యూస్ రీడర్‌ని చీఫ్ వెనక గుమ్మం నుంచి తీసుకెళ్లాడు.

ఏజెంట్ అక్కకి ఫోన్ చేశాడు.

"వంతెన దాటేశానురా, పిల్లలంతా ఇళ్లకి చేరారు. అవునూ, డ్యామ్ తెగిందటగా? ఎవరో వీడియో పంపారు. పాపం నలుగురికీ తెలియాలని మన చుట్టాలందరికీ పంపించాను!"

ముఠాలో ఇంకొకరు మిగిలారని చీఫ్‌కి చెప్పాలా వద్దా అని ఏజెంట్ చాలాసేపు ఆలోచించాడు.