మీరే ముందు

"థియేటర్ బ్యాటరీ ఇంకా పదకొండు నిమిషాలే," రిసీవర్‌లో అన్నాడు చీఫ్. "ఆపరేషన్ సగంలో ఉంది. కంగారు పడకు."

కంగారు పడకుండా ఎలా ఉంటాడు? ఆ బల్ల మీద ఉన్నది ఏజెంట్ గోరింక సొంత అక్క.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో హాస్పిటల్ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. విదేశీ ముఠా ఇక్కడ బాంబు పెట్టలేదు, రెండు ప్రోగ్రాముల మధ్య తగవు పెట్టింది. మెయిన్ లైన్ స్విచ్ ఒకదాని చేతిలో, జనరేటర్ స్విచ్ రెండోదాని చేతిలో. నువ్వు వదిలితే నేను వదులుతానని రెండూ భీష్మించుకు కూర్చున్నాయి. డెడ్‌లాక్. జనరేటర్ తిరుగుతోంది, కరెంటు మాత్రం థియేటర్‌కి చేరడం లేదు. పాస్‌వర్డ్ కొట్టి ఒక ప్రోగ్రాంని చంపితే చాలు.

సర్వర్ రూమ్‌లో సంపెంగ ఎదురుచూస్తోంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదాలు. ముఠాకీ మనకీ కూడా పనిచేసే డబుల్ ఏజెంట్. పాస్‌వర్డ్ ఇస్తే, పారిపోవడానికి పాస్‌పోర్ట్ ఇవ్వాలని ఒప్పందం.

"పాస్‌వర్డ్?"

"మీరే ముందు," అందామె.

"కుదరదు. పాస్‌వర్డ్ చెప్పాకే పాస్‌పోర్ట్."

"మీరే ముందు. అంతకంటే నా దగ్గరేం లేదు."

"నాతో ఆటలొద్దు."

"మీరే ముందు," అందామె విసుగ్గా. ఆ తర్వాత ఇద్దరూ బిగుసుకుపోయారు. గడియారం ఆరు నిమిషాలు మింగేసింది. గొళ్ళెంలేని బాత్రూం తలుపుకి చిన్నప్పుడు అక్క కాపలా కాసిన సంగతి ఎందుకో గోరింకకి గుర్తొచ్చింది. ఆ మెషిన్‌కి పట్టిన రోగమే తమకీ పట్టిందని అప్పుడు తట్టింది. ఎవరో ఒకరు వదలాలి.

పాస్‌పోర్ట్ ఆమె చేతిలో పెట్టేశాడు.

సంపెంగ దాన్ని తిరగేసి చూసుకుని తలుపు దాకా వెళ్లింది. "ఇంకా టైప్ చెయ్యరేం?"

"ఏం టైప్ చెయ్యను?"

"మూడుసార్లు చెప్పాను కదండీ. మీరే ముందు. మధ్యలో ఖాళీ ఉండకూడదు."

గోరింక గబగబా కొట్టాడు. ఒక అక్షరం తప్పింది, మళ్లీ కొట్టాడు. మూడు సెకన్లు మిగిలుండగా ఒక ప్రోగ్రాం చచ్చింది, పైన థియేటర్‌కి కరెంటు అందింది.

సాయంత్రం అక్క కళ్లు తెరిచిందని కబురొచ్చింది. వార్డు తలుపు దగ్గర డాక్టరమ్మ పక్కకి జరిగి, "మీరే ముందు," అంది.

ఈసారి గోరింక బేరమాడలేదు.