పేరు చెప్పే పాట

ఉప్పలమ్మ పసిపిల్లలకు మంత్రాలు నేర్పుతోందట. ముందు గుండె మీద చెయ్యి వేసుకోమంటుందట, ఆ తర్వాత ఎవరికి దేనికి భయమో కక్కిస్తుందట. ఎల్లక్క బావి దగ్గర ఈ మాటంటే, బుచ్చమ్మ దానికి ఇంకో రెండు కలిపి కొడుకు భిక్షపతి చెవిన వేసింది.

దొరల మీద తిరగబడ్డ సంఘం పాటల దళంలో డప్పు కొట్టే భిక్షపతికి ఉప్పలమ్మ దగ్గరికి పోవడానికి ఆ సాకు చాలు. రేపు పొద్దున దళం తుపాకులు మోగుతున్న భూపాలపల్లి అడవులకు పోతుంది. ఈలోగా ఆ పిల్లకు ఒక్క మాట చెప్పాలి. వందమంది ముందు గొంతెత్తేవాడికి ఆమె ముందర మాత్రం నెల రోజులుగా నాలుక కదలడం లేదు.

నర్మెట్ట పక్కన ఆ ఊళ్లో దొర పట్నం పారిపోయి ఏడాదైంది. తల్లులు కలుపుకు పోతే, నాలుగైదేళ్ల పిల్లలు ఆయన వదిలిపోయిన గడీ అరుగు మీద ఉప్పలమ్మ చుట్టూ చేరతారు. భిక్షపతి వెళ్లేసరికి వాన జల్లు మొదలైంది.

"ఏం మంత్రం చదువుతున్నవ్?"

"జర నోరు మూసుకొని కూసో. నీకే తెలుస్తది."

ఆమె చప్పట్లు కొడుతూ అందుకుంది.

"ఎవలమ్మ ఎవలు, అరుగు మీద ఎవలు?
ఏది నీకు ఇష్టం, ఏది నీకు భయం?"

"నేను లింగ్యాను! బెల్లం ఇష్టం, ఉరుమంటే భయం!"

పక్కనే కట్టయ్య బిడ్డ సమ్మక్క. రెండు చేతులు జోడించి, తల వంచి మెల్లగా అంది: "బాంచన్."

భిక్షపతి నవ్వబోయి ఆగిపోయాడు.

"మొదట్ల అందరు గదే అన్నరు," అంది ఉప్పలమ్మ. "ఎవర్రా నువ్వని దొర అడిగితే అయ్యలు చెప్పింది గదే గద. గదే పేరనుకున్నరు."

"మరి మా సంఘం పాటలు నేర్పరాదు?"

"మీ పాటల అంత 'మనం' అంటరు. గీ పోరికి ఇంక 'నేను' అనుడే రాలే."

మళ్లీ పాడింది. మళ్లీ. మూడోసారికి ఆ పిల్ల చేతులు విడిపోయాయి.

"నేను... సమ్మక్కను. అవ్వ ఇష్టం. అవ్వ పొద్దూకినా రాకుంటే భయం."

పిల్లలంతా ఈలలు, కేకలు. "ఇప్పుడు డప్పన్న!"

"నేను భిక్షపతిని. సంఘమంటే ఇష్టం."

"గది అందరికి ఇష్టమే," లింగ్యా ఒప్పుకోలేదు. "నీది చెప్పు!"

చూరు నీళ్లు వీపు మీద పడుతున్నా అతను జరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఉప్పలమ్మంటే ఇష్టం. కాదంటదేమోనని భయం."

అరుగంతా చప్పట్లు. ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం దాగలేదు.

"సాల్లే, నెల సంది చూస్తనే ఉన్న! నేను ఉప్పలమ్మను. గీ డప్పాయనంటే ఇష్టం."

భిక్షపతికి ఒక్కసారిగా పదిమంది ధైర్యం వచ్చింది. మీసం మెలేస్తూ ముందుకు వంగాడు.

"మరి భయం? పాట సగంల ఆపితే ఎట్ల?"

ఆమె కొంగు దించింది.

"నువ్వు చచ్చిపోతవని."