వస్తుందా, రాదా

యంత్రం ఆగింది. తలుపు తెరుచుకుంది. స్కానింగ్ తీసే అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎవరు నవ్వించింది?"

గదిలో ఉన్నది ఇద్దరే. సొరంగంలాంటి యంత్రంలో పడుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల, పక్కన కుర్చీలో ఆ పిల్ల మేనమామ. పిల్ల ఏ పాపమూ ఎరగనట్టు కళ్ళు మూసుకుంది.

"నేనే," అన్నాడు మేనమామ. "పైన అద్దంలోంచి నన్నే చూస్తోంది. భయపడుతుందని మొహం వంకర్లు తిప్పాను."

"ప్రత్యేకంగా తిప్పక్కర్లేదు. మీ పుణ్యమా అని బొమ్మలన్నీ అలికేసినట్టు వచ్చాయి. మళ్ళీ మొదట్నించీ తియ్యాలి."

"నేను కదలకుండా కూర్చుంటాను."

"బయట కూర్చోండి."

ఆ పిల్లను ఇంట్లో పిడుగు అంటారు. రెండు రోజుల్లో ఎడమకన్ను మసకబారింది. ఆ కంటితో చూస్తే ఎర్ర పెన్సిలు వెలిసిపోయినట్టుందంది. కంటి నరం వాచిందన్నాడు డాక్టరు. వాపు మందులకు తగ్గుతుంది. అసలు ప్రశ్న వేరు. ఇది ఇంతటితో పోతుందా? మల్టిపుల్ స్క్లెరోసిస్‌గా మారి నరాల మీద మళ్ళీ మళ్ళీ దెబ్బ కొడుతుందా? మెదడులో మచ్చలుంటే ఆ అవకాశం ఎక్కువ. అందుకే ఈ స్కానింగ్.

తల్లి పచ్చి బాలింత. తండ్రిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. పిల్లను భుజాన వేసుకుని వచ్చింది మేనమామ.

ఫలితాలు వచ్చాక డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. "మచ్చలు రెండున్నాయి. వెన్నులోంచి తీసిన నీటిలో మాత్రం చెడు లేదు. వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. ఆర్నెల్లకోసారి స్కానింగ్ తీస్తూ కనిపెట్టి ఉందాం."

వరండాలో స్కానింగ్ అమ్మాయి ఎదురైంది. అతని కోపమంతా ఆమె మీదికి మళ్ళింది.

"ఇంటంత యంత్రం పెట్టుకుని, అవునో కాదో చెప్పలేరా?"

"మీరేం చేస్తుంటారు?"

అతను నసిగాడు. "వాతావరణ కేంద్రంలో... వాన కబురు చెబుతాను."

ఆమె పెదవి కొరుక్కుంది. "ఇవాళ వస్తుందా?"

"అరవై శాతం అవకాశం."

"అవునో కాదో చెప్పండి."

జవాబు బయటే ఉంది. కుండపోతగా కురుస్తోంది. అతని చేతిలో గొడుగు లేదు. ఆమె తన గొడుగు తెచ్చి పిడుగు చేతికిచ్చింది.

"ఇది పాపకి. మీరు మీ శాతాన్ని నమ్ముకుని తడవండి."

గొడుగు తిరిగిచ్చే వంకతో వెళ్ళాడు. ఇచ్చేశాక ఏ వంకా లేకుండా వెళ్ళాడు. పిడుగు కంటికి ఎరుపు ఎర్రగా కనబడసాగింది. అయ్యో పాపమంటూ వచ్చిన బంధువులు మొదటి వారమే అలిసిపోయారు. స్కానింగ్ అమ్మాయి మాత్రం కనబడినప్పుడల్లా పాప కన్ను ఎలా ఉందని అడిగేది.

ఒక సాయంత్రం పసివాణ్ణి జోకొడుతూ అక్క అడిగింది. "ఏరా, వస్తుందా?"

"ఇప్పటికైతే రాలేదు. రాకుండా ఉండాలనే నా కోరిక."

"నీకేం పోయేకాలం! బంగారంలాంటి పిల్ల. నేనడిగేది ఆ స్కానింగ్ అమ్మాయి మన ఇంటికి వస్తుందా అని."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పిడుగు సంగతి తేలేదాకా నా పెళ్ళి మాట ఎత్తకు."

"తేలకపోతే?"

"ఎత్తకు."

"నా కూతురి జబ్బు అడ్డం పెట్టుకుని తప్పించుకుంటే ఊరుకోను. దానికి మామయ్య కావాలి. సన్యాసి అక్కర్లేదు."



ఆర్నెల్లకు రెండో స్కానింగ్ జరిగింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనకుండా వదలని ఆ అమ్మాయి, ఆ రోజు వంగి పిడుగు చెప్పుల పట్టీ బిగించి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అతనికి అర్థమైంది.

"కొత్త మచ్చ వచ్చింది," అన్నాడు డాక్టరు. "ఇక అనుమానం లేదు, అదే జబ్బు. కానీ రెండో దెబ్బ తగలకముందే పట్టుకున్నాం. వచ్చే వారమే మందు మొదలుపెడదాం."

"ఇంత ముందు పట్టుకోవడం వల్ల లాభముందా?"

"ఉంది. అందుకే కనిపెట్టి ఉన్నాం."

పిడుగును బెంచీ మీద కూర్చోబెట్టి, అతను స్కానింగ్ గది తలుపు తట్టాడు.

"మీరు ముందే చూశారు."

"చూశాను. చెప్పే హక్కు నాకు లేదు. మీ మొహం చూసే ధైర్యమూ లేకపోయింది."

"సంగతి తేలాక మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నాను. తేలింది. నేను కోరినట్టు తేలలేదు. అయినా అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?"

"ఇవాళా?"

"మంచి కబురు కోసం ఆగితే ఈ జబ్బుకి భయపడినట్టే. దానికి అంత మర్యాద ఇవ్వను. మా ఇంట్లో ఇకనుంచి సూదులుంటాయి, స్కానింగులుంటాయి, ఏడుపులూ ఉంటాయి. దాచను. ఆలోచించుకోండి."

ఆమె అతని మొహం చూసింది, ఈసారి తిప్పుకోకుండా. "మందు ఇచ్చే రోజు సెలవు పెడతాను. ముందు ఆ పని కానివ్వండి."

ఆ రోజు రానే వచ్చింది. మంచం పక్కన అక్క పసివాడితో నిలబడింది. నర్సు ట్రే తెచ్చింది. పిడుగు ఎడమచేతిని మామయ్య పట్టుకున్నాడు. సూది చూడగానే అతని నుదుట చెమట పట్టింది.

పిడుగు అతన్నోసారి ఎగాదిగా చూసింది. తలుపు దగ్గర నిలబడిన అమ్మాయికేసి కుడిచెయ్యి చాపింది.

"అత్తా, ఇటు నువ్వు పట్టుకో. మామయ్య పడిపోయేలా ఉన్నాడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కానివ్వండి సిస్టర్," అంది. "మా పిల్ల కదలదు."