ఇరవై దాటని సూచిక

ఆ ఉదయం కూడా శాసనసభ ద్వారం దగ్గర అందరూ చెవి వెనక భాగాన్ని అంకె చూపే పలకకు ఆనించి లోపలికి వెళుతున్నారు. అక్కడ చర్మం కింద ఉండే కలతగింజ మనసులోని అలజడిని వందకు ఇంత అని కొలుస్తుంది. సూచిక డెబ్బై దాటి గంటసేపు నిలిస్తే సంరక్షణ వాహనం ఇంటి ముందుకొస్తుంది. ఇరవై ఒక్క రోజుల నిర్బంధ చికిత్సకు ఎవరి అంగీకారమూ అక్కర్లేదు.

ఆరేళ్ల కిందట ఆ చట్టాన్ని ప్రతిపాదించిన పద్మలోచనే ఇప్పుడు దాని సమీక్షా సంఘానికి అధ్యక్షురాలు. దిగులుతో కుంగిపోయిన తమ్ముణ్ణి ఆసుపత్రికి రమ్మని బతిమాలి, ఒప్పించలేక, పోగొట్టుకున్న మనిషి ఆమె. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదనుకుంది.

సాక్షి బల్ల దగ్గర నూకరత్నం కూర్చుంది. పక్కన ఆమె భర్త ఎర్రయ్య. సముద్రపు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు.

"ఈయన్ని నాలుగుసార్లు చేర్చుకున్నాం మేడమ్," అన్నాడు సంరక్షణ శాఖ వైద్యాధికారి. "రెండేళ్లుగా సూచిక ఇరవై దాటలేదు. పూర్తిగా కోలుకున్నారు."

"మరి మీ ఫిర్యాదేమిటమ్మా?" అని అడిగింది పద్మలోచన.

"కోలుకోనేదమ్మా," అంది నూకరత్నం. "ఆ వార్డులో ఒకరికొకరు నేర్పుకున్నారు. మనసులో ఏదైనా కదిల్తే ఎంటనే ఎక్కాలు సదువుకోవాలంట. అప్పుడు గింజకి తెలీదంట. మునుపు దిగులేత్తే నా సెయ్యట్టుకుని ఏడిసేవోడు. ఇప్పుడు నాతో మాటే నేదు. దిగులు కనబడినా ఇంట్లో మనిషి ఆసుపత్రికి కబురెట్టకపోతే నేరమని రాసారు గదా. నానంటే బయం ఈయనకి."

పద్మలోచన తల వంచుకుంది. ఆ నిబంధన రాసింది తనే.

"మొన్న కూతురు పురిటికొచ్చింది. మనవరాల్ని సేతిలో ఎడితే, పెదాలు కదిల్నాయి. ముద్దాడతన్నాడనుకున్నాను. దగ్గరికెల్లి ఇంటే, పదిహేడో ఎక్కం. సంతోసమైనా కలతే గదమ్మా, ఆ గింజకి."

పద్మలోచన సాంకేతిక సహాయకుణ్ణి పిలిచి, అధ్యక్షురాలి అధికారంతో ఎర్రయ్య గింజను నిలిపివేయించింది. సాక్షి బల్ల మీది పలకలో అతని అంకె ఆరిపోయింది.

"ఇప్పుడు మిమ్మల్ని ఏదీ కొలవడం లేదు ఎర్రయ్య గారూ. మనసులో ఉన్నది చెప్పండి. ఎవరూ రారు."

ఎర్రయ్య భార్య వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. నుదుటి మీద చెమట పట్టింది. అతని పెదవులు చిన్నగా, తడబడకుండా కదులుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి, "ఎక్కం ఆగట్నేదమ్మా," అన్నాడు.

వైద్యాధికారి తన దస్త్రం మూసేశాడు.

ఆ వర్షాకాల సమావేశాల్లో నిర్బంధ చికిత్స నిబంధన రెండు ఓట్ల తేడాతో రద్దయింది. పద్మలోచన తన చట్టానికి వ్యతిరేకంగా తనే మాట్లాడింది. ఆ రోజు తమ్ముడి ప్రస్తావన తేలేదు.

ఎర్రయ్య చెవి వెనక గింజ తీసేశారు. చిన్న మచ్చ మిగిలింది. నూకరత్నం రోజూ మనవరాలిని అతని ఒళ్లో కూర్చోబెడుతుంది. పాప అతని మీసం పట్టుకుని లాగుతుంది. కాసేపు అతని పెదవుల వైపు చూసి, నూకరత్నం పొయ్యి దగ్గరకు వెళ్లిపోతుంది.