కరవని జలగ

జలగ కరవలేదు.

డాక్టర్ కృపానందం ముంజేతి మీద అది కాసేపు అటూ ఇటూ పాకింది. తలెత్తి గాలిలో ఊపింది. మణికట్టు దాకా వెళ్లి వాసన చూసినట్టు ఆగింది. ఆపైన జారి, కిందున్న గాజుపళ్లెంలో పడి ముడుచుకుంది. డాక్టరు దాన్ని తీసి మళ్లీ చేతిమీద పెట్టుకున్నాడు. మళ్లీ అదే తంతు. రేవు పక్కన మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో పోగైన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పరీక్ష వల్ల ఏ హానీ లేదని చూపిద్దామని సొంత చెయ్యి చాపిన మనిషికి ఇంతకంటే తలవంపులు ఉండవు.

"పెంచినోణ్ణి అదెందుకు కరుస్తాది?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. "మన్నయితే పట్టీసుకుంటాది."

"తర్ఫీదిచ్చీసుంటారు," అన్నాడు పక్కనున్నవాడు.

డాక్టరు నవ్వబోయి మానేశాడు.

ఆ పేటవాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదు. అప్పటికి విశాఖపట్నంలో వీధి దీపాల స్తంభాలు కూడా మనిషిని నడకబట్టి పోల్చుకుంటున్నాయి. బస్సెక్కినవాడెవడో బస్సుకి తెలుసు, తలుపు తట్టినవాడెవడో తలుపుకి తెలుసు. కొన్నేళ్ల కిందట ఏదో సంస్థవాళ్లు వచ్చి, మత్తు సూదులు వేసుకునే కుర్రాళ్ల వేళ్లు పొడిచి, ఆ రక్తం ఒక పెట్టెలాంటి యంత్రంలో పెట్టి, ఎవరికి హెపటైటిస్ ఉందో ఎవరికి లేదో చెప్పి వెళ్లారు. చాలా మర్యాదగా చెప్పారు. వివరాలు ఎవరికీ ఇవ్వబోమన్నారు. వారం తిరక్కుండా పోలీసు వ్యాను వచ్చి సరిగ్గా ఆ కుర్రాళ్ల ఇళ్ల ముందే ఆగింది. చెప్పింది యంత్రమా మనిషా అన్నది ఈనాటికీ తేలలేదు. తేలి ఉంటే ఒక్కరినే అనుమానించాల్సి వచ్చేది. తేలలేదు కాబట్టి అందరినీ అనుమానించే సౌకర్యం మిగిలింది.

కృపానందం ఆలోచన ఇక్కడే మొదలైంది. జబ్బు సూదుల మీద ఒకరినుంచి ఒకరికి పాకిపోతోంది, పరీక్షకి ఒక్కడూ రాడు. అందుకని వైరు లేని, తెర లేని, సిమ్ కార్డు లేని యంత్రం కావాలనుకున్నాడు. దానికి ప్రాణం ఉండాలి కానీ మాట ఉండకూడదు. ఏళ్లు కూచుని జలగ జీన్స్ మార్చాడు. ఆ జలగ మనిషి చేతిమీద రెండు చుక్కలు తాగుతుంది. దాని పొట్టలో అమర్చిన కొత్త సెల్స్ ఆ రక్తంలో వైరస్‌ని వెతుకుతాయి. ఒక టీ తాగేంతలో దాని వీపు మీది చార రంగు మారుతుంది. హెపటైటిస్ సి ఉంటే నారింజ, హెచ్ఐవి ఉంటే నీలం, ఏదీ లేకపోతే ఉన్న నలుపే. ఒక జలగ ఒక మనిషికే. పని కాగానే దాన్ని మందునీళ్లలో వేసి చంపేస్తారు. పేరడగరు. నారింజ వచ్చినవాడికి మూణ్ణెల్ల మాత్రలు అక్కడికక్కడే చేతిలో పెడతారు. వేళకి వేసుకుంటే జబ్బు పూర్తిగా పోతుంది.

షెడ్డు నడిపేవాడు ఖాదర్. ఒకప్పుడు అతనూ సూదికి బానిసే. మానేసి చాలాకాలమైంది. అందుకే పేటవాళ్లు అతని మాట కొంచెం వింటారు, అదీ కొంచెమే. ఆ రోజు అతనే ఒక కుర్రాణ్ణి బతిమాలి ముందుకు తెచ్చాడు. ఇంకో జలగని వాడి చేతిమీద పెట్టగానే అది ఠక్కున కరిచింది. చార నల్లగానే ఉండిపోయింది. కుర్రాడు తన చేతిని తానే ముద్దు పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఆ తర్వాత ఇద్దరు వచ్చారు, మర్నాడు ఇంకొందరు. వ్యాను రాలేదు. ఇంకా రాకపోవడమేమిటని కొన్నాళ్లు అనుమానించి, తర్వాత ఆ అనుమానం కూడా మానేసి, జనం వరస కట్టారు. నారింజ చారలు బోలెడు తేలాయి. మాత్రల పెట్టెలు ఖాళీ అయ్యాయి. డాక్టరు జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

అలాంటి రోజుల్లోనే మసేను వచ్చాడు.

మసేను పెద్దబోట్ల మీద వేటకి పోయేవాడు. వల లాగే వించీ యంత్రంలో పడి చెయ్యి నలిగినప్పుడు ఆస్పత్రివాళ్లు నొప్పికి ఇంజక్షన్లు ఇచ్చారు. చెయ్యి అతుక్కుంది, ఇంజక్షను మాత్రం వదల్లేదు. భార్య పైడమ్మ చూసి చూసి, కూతుర్ని తీసుకుని భీమిలిలో అన్న ఇంటికి పోయింది. "ఒగ్గీసినానని నువ్వు సెప్పడం కాదు, నాకు తెలవాల," అని పోయింది. నిజానికి అతను వానాకాలం నుంచే మానేశాడు. వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. కానీ ఆమె నమ్మేదెలా? అంతకుముందు ఎన్నోసార్లు మానేశానని ఒట్లు పెట్టినవాడే. ఇప్పుడు కొత్తగా కళ్లలో పచ్చదనం కనబడుతోంది. జబ్బేదో తేల్చుకుని, మాత్రలు వేసుకుని, ఆరోగ్యంగా పెళ్లాం ముందు నిలబడాలని అతని ఆశ.

ఖాదర్ జలగని పెట్టాడు. అది పాకింది, జారింది, పడింది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

"నా రగతం ఆకరికి దీనికి కూడా పనికిరాదేటి?" అన్నాడు మసేను.

కృపానందం లేచి దగ్గరికొచ్చాడు. చాలాసేపు జలగని చూశాడు. "ఖాదర్, నీ చెయ్యి పెట్టు," అన్నాడు. ఖాదర్ని కూడా జలగ కరవలేదు.

"తప్పు నాదే," అన్నాడు కృపానందం. "వీటిని పుట్టినప్పటినుంచీ డీఅడిక్షన్ వార్డులో కొత్తగా చేరినవాళ్ల దగ్గర పరీక్షలకి తీయగా మిగిలిన రక్తం పోసి పెంచాం. వైరస్ దొరికేది అందులోనే. ల్యాబ్‌లో పరీక్షించింది కూడా ఆ వార్డువాళ్ల మీదే. అందుకే ఈ సంగతి బయటపడలేదు. మత్తుమందు కలిసిన రక్తమే వీటికి తిండి. మామూలు రక్తం ముట్టవు."

"అంటే ఏటి బాబూ?"

"అంటే మీరు నిజంగా మానేశారు."

"మల్లీ సెప్పండి," అన్నాడు మసేను. డాక్టరు మళ్లీ చెప్పాడు. మసేను ఏడ్చేశాడు. అతని వెనక వరసలో నిలబడ్డవాళ్లు మాత్రం మొత్తం విన్నారు. ఒకడు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు, ఒకడు బీడీ కోసమన్నట్టు బయటికి నడిచాడు. మసేను కళ్లు తుడుచుకునేసరికి షెడ్డు ఖాళీ.

కృపానందానికి మాట్లాడలేని ప్రాణిని తయారుచెయ్యడం వచ్చింది కానీ తాను మాట్లాడకుండా ఉండటం రాలేదు. జలగ కరిస్తే ఇంకా సూది వేసుకుంటున్నట్టే, కరవకపోతే మానేసినట్టే అని సాయంత్రానికి పేట పేటంతా సంగతి పాకింది. మర్నాటినుంచి తల్లులు కొడుకుల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. బోటు యజమాని ఒకాయన వేటకి పోయే ముందు కూలీలందరికీ జలగ పెట్టించమన్నాడు. కాబోయే అల్లుడికి ఒకసారి పెట్టి చూస్తారా అని ఎవరో చాటుగా అడిగించారు. జబ్బు సంగతి అడిగే నాథుడు లేడు. కరిచిందా లేదా అన్నదే లెక్క. జలగ కరిస్తే మూడు మూలల గాటు పడుతుంది, చాలారోజులు మానదు. అందుకని మండుటెండల్లో పేట మగవాళ్లంతా పొడుగు చేతుల చొక్కాలు తొడిగారు. ఈ కథలో ఎవరినీ అనుమానించని ప్రాణి ఆ జలగ ఒక్కటే. నిజంగా జబ్బున్నవాళ్లు షెడ్డు ఛాయలకి రావడం మానేశారు.

పైడమ్మ భీమిలినుంచి వచ్చింది. మొగుడి చేతిమీద జలగని తానే దగ్గరుండి పెట్టించింది. అది జారి పడింది. ఇంకోటి పెట్టమంది. అదీ పడింది. మసేను చొక్కా గుండీ ఊడిపోయి ఉంటే చూసి, ఆమె తన పిన్నీసు తీసి పెట్టింది. ఆ సాయంత్రమే కూతురితో సహా ఇంటికొచ్చేసింది. ఆ ఇంట్లో చేపల పులుసు ఉడికి ఎన్నాళ్లయిందో, పిల్ల గిన్నె నాకేసింది.

అంతా బాగానే ఉంది, మసేను కళ్లు తప్ప. పచ్చదనం ముదిరింది. తిన్నది నిలవడం లేదు. అతను డాక్టరు దగ్గరికి పోయాడు.

"మామూలు రక్తం తాగే జలగల్ని పెంచడానికి ఆరు నెలలైనా పడుతుంది," అన్నాడు కృపానందం. "అప్పటిదాకా ఆగొద్దు. పెద్దాస్పత్రికి వెళ్లండి."

"ఏలిముద్ర ఎయ్యమంటారు గదా బాబూ. సూదోడని ఒకపాలి రాసీసినారంటే మరి నన్ను ఏ బోటూ ఎక్కనివ్వరు."

"పోనీ, ఇక్కడే వేలు పొడిచి రక్తం తీస్తాను. ల్యాబ్‌కి నేనే పట్టుకెళ్తాను."

"ల్యాబులో యంత్రం ఉంటాది గదా. దానికి వైరుంటాది గదా. వైరున్నదాన్ని నమ్మొద్దని మీరే సెప్పినారు."

ఆ మాట డాక్టరు షెడ్డులో జనం ముందు ఎన్నిసార్లు అన్నాడో అతనికే గుర్తులేదు.

"పరీక్ష లేకుండా మాత్రలిచ్చేస్తే?" అన్నాడు ఖాదర్.

"కామెర్లు సవాలక్ష కారణాల వల్ల వస్తాయి. ఏదో తెలియకుండా ఈ మాత్రలిస్తే ఉన్న ప్రాణం పోవచ్చు." డాక్టరు మసేను వైపు తిరిగాడు. "నా మీద నమ్మకం ఉంచండి. ఆస్పత్రికి వెళ్దాం, నేను తోడొస్తాను."

"ఆలోసించుకుంటాను," అని మసేను వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చినప్పుడు అతను పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. షెడ్డు తలుపు తీస్తుండగానే లోపలికొచ్చి కూచుని, చెయ్యి చాపి, "పెట్టండి," అన్నాడు.

"మిమ్మల్ని కరవదు కదా," అన్నాడు కృపానందం.

"పెట్టండి బాబూ."

జలగ ఠక్కున కరిచింది. ఖాదర్ తల పక్కకి తిప్పుకున్నాడు. డాక్టరు కుర్చీలో కూలబడి, "ఎప్పుడు?" అని మాత్రం అడగగలిగాడు.

"రేతిరి. ఒక్కపాలే. దీని కోసవే." మసేను నుదుటి మీద చెమట పట్టింది. "ఒగ్గీడానికి ఎంత తన్నుకులాడినానో ఆ దేవుడికే తెలవాల. మాత్రలిచ్చీండి, పోతాను."

చార నెమ్మదిగా నారింజ రంగుకి తిరిగింది. పరీక్ష పనిచేసింది. డాక్టరు మాత్రలు ఇచ్చాడు. పద్ధతి ప్రకారం ఇవ్వాల్సిందే, ఇచ్చాడు.

రోజూ చేతులు పైకి మడిచి అన్నం తినే మనిషి చొక్కా చేతులు మడవకుండా కూచుంటే కనిపెట్టడానికి పైడమ్మకి ఎంతసేపు పడుతుంది? కంచం ముందే చెయ్యి పట్టుకుని గుండీ విప్పింది. గాటు ఎర్రగా ఉంది. మసేను మాత్రలు చూపించాడు, జరిగింది చెప్పాడు, కూతురి మీద ఒట్టు పెట్టబోతే ఆమె నోరు మూసేసింది. చివరికి అతను పరిగెత్తి డాక్టర్నీ ఖాదర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

పైడమ్మ అప్పటికే సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల ఆమె వెనక నక్కింది.

"అమ్మా, మీ ఆయన చెప్పింది నిజం," అన్నాడు కృపానందం. "జబ్బు తెలుసుకోడానికే ఆ పని చేశాడు. తప్పు అతనిది కాదు, నాది."

"మీ జెలగ అబద్దం సెప్తాదేటి బాబూ?"

"చెప్పదమ్మా. కానీ..."

"అప్పుడు కరవనేదు, నమ్మమన్నారు. నమ్మి కాపరానికొచ్చీసినాను. ఇప్పుడు కరిసీసింది, నమ్మొద్దంతన్నారు. ఏదో ఒకటి సెప్పండి. అదే నమ్ముతాను."

మసేను మాత్రల అట్ట రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పైడమ్మ పిల్ల చెయ్యి అందుకుని గుమ్మం దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"మాత్రలు ఏళకి ఏసుకో మావా," అంది. "ఈటికోసవే గదా సూది ఏసుకున్నావు."