బాపు పెట్టిన వారం గడువు

ముత్తన్న పొద్దున్నే చాయ్ సాసర్‌లో పోసుకుంటూ మెలిక పెట్టాడు. నిజామాబాద్‌లో రాజారాం అనే ఆయన ఇంటర్నెట్‌లో పసుపు అమ్మే సైటు నడుపుతూ, ఇప్పుడు దాన్నే అమ్మకానికి పెట్టాడు. నెలకు నలభై ఆర్డర్లని కాగితాలు చూపించాడు. డిగ్రీ చదివి రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్న ముత్తన్న కూతురు గోదావరికి అదొక్కటే దారిగా కనిపించింది. బోరు కోసం తండ్రి దాచిన డబ్బు సరిగ్గా సరిపోతుంది.

ఎద్దును కొనేముందు ఒక పూట నాగలికి కట్టి చూస్తారు కదా, ఇదీ అంతేనన్నాడు ముత్తన్న. వారం రోజులు గోదావరే కూర్చుని నడపాలి, ఆ తర్వాతే డబ్బు.

గోదావరికి ఒళ్లు మండింది. "అన్న అడిగితే గిట్లనే కట్టి సూస్తుంటివా బాపు? నా మీద నమ్మకం లేదని చెప్పరాదు."

ముత్తన్న లేచి చేనుకు పోయాడు. కోపమొచ్చినా బాధొచ్చినా ఆయనకు చేనే దిక్కు.

రాజారాం నసుగుతూనే ఒప్పుకున్నాడు. గోదావరి రోజూ తమ ఊరు ముప్కాల్ నుంచి బస్సెక్కి వెళ్లి, ఆయన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆరు రోజులు కళ్లు కాయలు కాశాయి తప్ప ఒక్క ఆర్డరూ రాలేదు. గట్టిగా అడిగితే, ఆ నలభై ఆర్డర్లూ ఒక్క పెళ్లిళ్ల నెలవేనని తేలింది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె ముఖం చూసి తండ్రి ఏమీ అడిగేవాడు కాదు.

ఏడోరోజు మధ్యాహ్నం ఒక ఆర్డరొచ్చింది. రెండు కిలోలు. గోదావరి గుండె గంతేసింది. పేరు చూస్తే హన్మవ్వ, ఊరు ముప్కాల్. హన్మవ్వ అంటే వాళ్లమ్మే. ఆమె కంప్యూటర్ మొహం కూడా చూసి ఎరగదు. ఇంటినిండా పసుపు బస్తాలు పెట్టుకుని పసుపు కొనే రైతు జిల్లా మొత్తంలో ఒక్కడే ఉంటాడు.

ఇంటికొచ్చి ఆ కాగితం తండ్రి ముందు పెట్టింది. ముత్తన్న తలకు చుట్టిన తువ్వాల విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో కొట్టించాడట. పెట్టిన చిరునామా కూతురికి కనబడుతుందని ఆయనకేం తెలుసు!

"ఒక్కటన్న రాకపోతే నీ మొకం ఎట్ల సూడాలె బిడ్డా?" అన్నాడు. "నువ్వు కొందామంటే రేపే పైసలిస్త. బోరు ఎప్పుడన్న ఏస్కోవచ్చు."

నష్టమని తెలిసీ ఇస్తానంటున్నాడు. వారం కిందట తాను అన్న మాట గుర్తొచ్చి గోదావరికి సిగ్గేసింది. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"వద్దు బాపు. గది ఉట్టి డొల్ల. ముందుగాల బోరే ఏద్దాం."

ముత్తన్న ఆమె తల నిమిరాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి గసుంటి సైటే మన పసుపుకు మనమే పెట్టుకుంటే, నువ్వు నడుపుతవా?"