రెండు చంపాలు

తొంభై ఎనిమిది నవంబరులో ఎడ్వర్డ్‌ని గాజువాక బస్టాపులో అందరూ చూస్తుండగానే పొడిచారు. పొడిచినవాడు షేర్ ఆటో ఎక్కి మాయమయ్యాడు.

పైకి ఎడ్వర్డ్ పోర్టులో వైర్‌లెస్ ఆపరేటర్. లోపల, విదేశీ ముఠా మాటల్ని గాలిలో పట్టి ఢిల్లీకి చేరవేసే సీక్రెట్ ఏజెంట్.

ఇన్సూరెన్స్ మనిషి వేషంలో ఆస్పత్రికి వచ్చిన ఏజెంట్ వీరేంద్రకి, చివరిదాకా పక్కనున్న కానిస్టేబుల్ చెప్పాడు.

"పోయే ముందర 'చంపా' అన్నాడు సార్. ఎవుల్నో సంపీసినట్టున్నాడు. ఒప్పుకుంటన్నాడనుకున్నాను."

"చంపా అన్నాడా? సంపా అన్నాడా?"

"చంపా అనే అన్నాడు. మల్కాపురపోడు అలగ పలకడమేటని నానూ అనుకున్నాను."

వీరేంద్ర చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎడ్వర్డ్ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చంపడాన్ని 'సంపడం' అనే మనిషి. అంత పట్టిపట్టి పలికాడంటే అది నేరం ఒప్పుకోవడం కాదు. పేరు.

ఢిల్లీ నుంచి చీఫ్ అర్జునరావు ఫోన్లో బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఆ ముఠావాళ్ళు పాత యాత్రికుల రాతల్లోని ఊళ్ళ పేర్లని కోడ్‌గా వాడుతున్నారు. టార్గెట్, హార్బర్ చానెల్. రేపు మన సబ్‌మెరైన్ బయల్దేరుతుంది. ఇరుకు దారిలో ఏదైనా పేలిందా, అది మునుగుతుంది, నేవీ మొత్తం లోపల చిక్కుకుంటుంది. జయశీలని కలుసుకో."

"ఆవిడ వాళ్ళ మనిషి కదా సార్?"

"మన మనిషి కూడా. అలాగని నమ్మకు."

బీచ్ రోడ్డు హోటల్లో జయశీల నెమలిరంగు చీరలో, నల్ల కళ్ళజోడుతో కూర్చుని ఉంది. పాత యాత్రా గ్రంథాల మీద ఆమె మాట్లాడితే హాళ్ళు నిండిపోతాయి. పక్కన హెండ్రిక్, ఓడల సర్వేయర్‌నని చెప్పుకునే విదేశీయుడు. వీరేంద్ర ఈసారి విలేఖరి.

"చంపా గురించి రాస్తున్నాను మేడమ్. ఎక్కడుంది అది?"

హెండ్రిక్ చూపు బీరు గ్లాసు మీంచి లేచింది. జయశీల చిరునవ్వు చెదరలేదు.

"ఒకచోట కాదండీ. చైనా యాత్రికుడు గంగ ఒడ్డున, ఇప్పటి భాగల్‌పూర్ దగ్గర, చంపా చూశాడు. సముద్రం అవతల వియత్నాం వైపు ఇంకోటుందని విని రాశాడు. దాన్ని మాత్రం మహాచంపా అన్నాడు. మీరు వియత్నాం గురించే రాయండి."

వీరేంద్ర ఢిల్లీకి రిపోర్టు పంపాడు. తెల్లారేసరికి వియత్నాం వెళ్ళే ఖనిజం ఓడని నేవీ చుట్టుముట్టింది. మూలమూలా వెతికారు. ఏమీ దొరకలేదు.

లుంగీ కట్టి, చేపల బేరగాడిలా జాలరి వాసు పడవలో తిరుగుతున్న వీరేంద్రకి ఆ కబురు అందింది. జయశీల కావాలనే మనల్ని అటు తోలిందా? మరి ఆ 'మహా' అన్న మాట ఎందుకు? ఎడ్వర్డ్ నోట్లోంచి వచ్చింది ఉత్త చంపా. అంటే గంగ ఒడ్డుది.

అప్పుడు కనిపించింది, చానెల్ అంచున ఇసుక తోడే డ్రెడ్జర్. దాని వెనక భాగం మీద తుప్పుపట్టిన అక్షరాలు: భాగల్‌పూర్.

"వాసూ, దాని పక్కకి పోనీ."

"ఆల్లు రానిత్తారేటి బావా?"

"వాళ్ళని అడగొద్దు."

నిచ్చెన పట్టుకుని డెక్ మీదికి ఎగబాకాడు. హెండ్రిక్ చేతిలో రిమోట్. పక్కన జయశీల, ఆమె చేతిలో చిన్న పిస్టల్. అది సూటిగా వీరేంద్ర గుండెకే గురిపెట్టి ఉంది.

"చేతులెత్తండి, విలేఖరిగారూ."

డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలోకి సబ్‌మెరైన్ నల్లగా జారుతూ వచ్చింది. పైన తెల్ల యూనిఫాంలో నావికులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకేమీ తెలియదు. హెండ్రిక్ బొటనవేలు బటన్ మీద ఆనింది.

పిస్టల్ వెంట్రుకవాసి పక్కకి తిరిగింది. పేలింది.

రిమోట్ ముక్కలై నీళ్ళలో పడింది. నెత్తురోడుతున్న చెయ్యి పట్టుకుని హెండ్రిక్ కూలబడేలోపే వీరేంద్ర వాడి మీద పడ్డాడు. సబ్‌మెరైన్ పక్కనుంచే సముద్రంలోకి సాగిపోయింది.

హెండ్రిక్‌నీ, కిందనున్న పేలుడు సామగ్రినీ నేవీకి అప్పజెప్పాక, వీరేంద్ర జయశీలని అడిగాడు.

"మమ్మల్ని వియత్నాం ఓడ మీదికి ఎందుకు తోలారు?"

"అది వాడి నమ్మకం కోసం. 'మహా' అన్నది మీ కోసం."

"నాకు అర్థం కాకపోయుంటే?"

"తోడు ఎవరూ లేకుండా కాల్చాల్సి వచ్చేది." కళ్ళజోడు సర్దుకుంది. "కాల్చేదాన్నో లేదో."

"ఎడ్వర్డ్‌ని ఎవరు పట్టించారు?"

ఆమె సముద్రం వైపు చూసింది. "టీ తాగుతారా?" అంది.

జెట్టీ మీద టీ కొట్టు నుంచి రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి అతనికి అందించింది. వీరేంద్ర మర్యాదగా థాంక్స్ చెప్పి, ఆమె తనకోసం ఉంచుకున్న రెండో గ్లాసు తీసుకున్నాడు.